నూట నలభై మందిలో ఆరుగురే మాట్లాడుతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నేను హనుమకొండలో ప్రభుత్వ బడి టీచర్‌ని. మా వైపు మాటలు, వ్యవసాయ పనిముట్ల పేర్లు, వంటల పేర్లు మా పెద్దవాళ్లతోనే పోతున్నాయని రెండేళ్ల కింద నేనూ మా ఆడపడుచూ కలిసి ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు మొదలుపెట్టాం. టెలిగ్రామ్‌లో చర్చ, దానికి తోడు చిన్న వెబ్‌సైట్. ఇప్పుడు 140 మంది ఉన్నారు, మాట్లాడేది మాత్రం ఎప్పుడూ అదే ఆరుగురు. మొన్న ఫేస్‌బుక్‌లో 3,000 రూపాయలు పెట్టి ప్రకటన ఇస్తే 58 మంది చేరారు. నెల తిరక్కముందే 41 మంది వెళ్లిపోయారు. కొత్తవాళ్లు ఎందుకు నిలబడట్లేదు? నాలుగు దొంగ ఐడీలు పెట్టి సందడి ఉన్నట్టు చూపిస్తే జనం వస్తారని మా అబ్బాయి అంటున్నాడు. చేయొచ్చా? ఈ సెప్టెంబరు 9 లోపు ఐదొందల మంది కావాలని మా కోరిక.
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

సమాధానం:

టీచర్ గారూ,

ఉత్తరంలో గ్రూపు లింకు కూడా ఇచ్చారు కాబట్టి జవాబు రాసే ముందు నేనూ కొత్త మనిషిలా చేరి చూశాను. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. చేరగానే పైన పిన్ చేసిన సందేశం కనిపించింది. పదకొండు నియమాలు. అందులో ఏడోది ‘ఆధారం లేని పదాలు పోస్ట్ చేయరాదు’. కింద ఇద్దరు పెద్దమనుషులు ‘కైకిలి’ (కూలిపని) అనే మాట ఎట్లా పుట్టిందని వాదించుకుంటున్నారు. మధ్యాహ్నం మొదలైన వాదన, నేను వెళ్లేసరికి ఇరవై రెండో సందేశం దగ్గర ఉంది. ఇద్దరికీ విషయం బాగా తెలుసు, చదువుతుంటే ముచ్చటేసింది కూడా. కానీ అరగంట కూర్చున్నా అక్కడ నేను చేయగలిగిన పని ఒక్కటీ కనిపించలేదు. ‘మా నాయనమ్మ కైకిలికి పోయేది’ అని రాద్దామనుకున్నాను, దానికి ఆధారం ఏం చూపించాలో తెలియక ఊరుకున్నాను. మర్నాడు పొద్దున మీ ఆడపడుచు కాబోలు, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టారు. అంతే.

మీ 41 మందికీ ఇంచుమించు ఇదే జరిగి ఉంటుంది. గ్రూపు నచ్చక వెళ్లారని నేననుకోను. పెళ్లికి వెళ్తే ఒక్కరూ పలకరించకపోతే, కాసేపు కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుని, భోజనం చేయకుండానే బండి తీస్తాం కదా. అట్లా వెళ్లారు.

ముందు మీకు ధైర్యం చెప్పే ఒక లెక్క. ఆన్‌లైన్ గుంపుల గురించి, జనం వెబ్‌సైట్లను ఎట్లా వాడతారో పరిశీలించే జాకబ్ నీల్సన్ అనే ఆయన 2006లో ఒక అంచనా రాశాడు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఇప్పటికీ దాన్నే చెప్పుకుంటారు. నూటికి తొంభై మంది చదివి ఊరుకుంటారు, తొమ్మిది మంది అప్పుడప్పుడు రాస్తారు, ఒక్కరే తెగ రాస్తారు. కాంటా పెట్టి తూచిన లెక్క కాదిది, చేత్తో పట్టి చూసి చెప్పిన అంచనా. ఆ ప్రకారం మీ 140 మందిలో తెగ రాసేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటే చాలు. మీకు ఆరుగురున్నారు. పై వరస నిండుగానే ఉందన్నమాట. లేనిది మధ్య వరస. నెలకోసారి వచ్చి ఒక మాట చెప్పి పోయే పన్నెండు, పదముగ్గురు మనుషులు. వాళ్ల కోసం ఫేస్‌బుక్‌కు డబ్బు కట్టక్కర్లేదు, నోరు మెదపని ఆ 134 మందిలోనే ఉన్నారు.

కొత్తవాళ్లు నిలబడేది కూడా ఆ మధ్య వరసను చూసే. ఆరుగురు పండితులు మాట్లాడుకుంటున్న చోట సామాన్యుడు వాకిట్లోనే నిలబడతాడు. తనలాంటి వాడెవడో వచ్చి రెండు ముక్కలు రాసి, ఎవరి చేతా మాట పడకుండా వెళ్లడం చూస్తే గడప దాటుతాడు.

వేయిస్తంభాల గుడి ఊళ్లో ఉండేవారికి బతుకమ్మ గురించి నేను చెప్పేదేముంది! అయినా ఒక్కసారి ఆ ఆటను కొత్త కోడలి కళ్లతో చూడండి. వేరే ఊరి నుంచి వచ్చింది, ఇక్కడి పాటలు రావు, చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ముగ్గురి పేర్లు కూడా తెలియవు. బతుకమ్మను మధ్యలో పెట్టగానే ఎవరో ఇద్దరు కాస్త జరుగుతారు, ఆమె మధ్యలోకి వస్తుంది. పాట తెలిసిన పెద్దావిడ చరణం ఎత్తుకుంటుంది. కోడలు చేయాల్సిందల్లా చప్పట్లు కొడుతూ చివర్లో ‘ఉయ్యాలో’ అనడం. రెండు చుట్లు తిరిగేసరికి ఎప్పుడు వంగాలో, ఎప్పుడు అడుగు వేయాలో కాళ్లకే తెలిసిపోతుంది. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు ఉయ్యాలో అన్న పిల్ల చివరి రోజు సద్దుల నాటికి సగం పాట పాడుతుంది. ముందు పాట నేర్చుకుని రా, తర్వాత ఆడుదువుగాని అని ఎవరూ అనలేదు.

మీ గ్రూపులో ఆ ‘ఉయ్యాలో’ ఏది? నేను వెతికింది దానికోసమే. ఏమీ తెలియని మనిషి, పది సెకన్లలో, తప్పు పోతుందన్న భయం లేకుండా చేయగలిగిన పని. అది ఉంటే కొత్తవాళ్లను రప్పించడం సగం తేలికవుతుంది. అది లేకుండా మీరు ఎంతమందిని తెచ్చినా చిల్లు గోలెంలో నీళ్లు పోసినట్టే.

మీ దగ్గర అలాంటి పని కల్పించడం చాలా సులువు, ఎందుకంటే మీరు మొదలుపెట్టింది మాటల గ్రూపు. ప్రతి మనిషి ఇంట్లో ఏదో ఒక మాట ఉంటుంది. వారానికి ఒక వస్తువు ఫోటో పెట్టండి. ఫోటో కింద ఒక్కటే ప్రశ్న: దీన్ని మీ ఇంట్లో ఏమంటారు, మీ ఊరేది? వ్యుత్పత్తి అడగొద్దు, ‘చరిత్ర తెలిసినవారు వివరించగలరు’ అని రాయొద్దు. చేదబావిలో బకెట్ పడిపోతే తాడు కట్టి దింపే ఇనుప కొక్కేల గుత్తి ఉంటుంది కదా, అది పెట్టండి. కొందరు గాలం అంటారు, కొందరు పాతాళగరిగె అంటారు. ఇంకా ఏమేం పేర్లు వస్తాయో చూడండి. తర్వాతి వారం సర్వపిండి. మీరు సర్వపిండి అంటే ఇంకొకరు గిన్నెప్ప అంటారు, మరొకరు తపాల చెక్క అంటారు. మా ఇంట్లో నువ్వులు ఎక్కువ వేస్తారు, మా అత్త పిండి మధ్యలో వేలితో ఐదు చిల్లులే పొడుస్తుంది అని మొదలవుతుంది. అదంతా విషయానికి దూరమని మీ పెద్దమనుషులకు అనిపిస్తుంది. అనిపించనివ్వండి. ‘పొడవడం’ అన్నారా, ‘కుచ్చడం’ అన్నారా, ‘బొక్కలు పెట్టడం’ అన్నారా అని మీరు పక్కన కూర్చుని రాసుకుంటూ పోవచ్చు. మీకు కావలసిన మాటలు వాళ్లు మాటలు చెప్తున్నామని తెలియకుండా చెప్పేస్తారు.

ఇది కొత్త ఉపాయమేమీ కాదు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. ఆ పదాలు సేకరించినవాళ్లు కూడా పని తెలిసిన రైతుల దగ్గరకు, సాలెవాళ్ల దగ్గరకు వెళ్లి దీన్నేమంటారు, దాన్నేమంటారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. నాగలి పట్టేవాణ్ణి పట్టుకుని ‘మాండలికాన్ని పరిరక్షిద్దాం రండి’ అంటే నాలుగు పేర్లు కూడా వచ్చేవి కావు. మీ గ్రూపు పేరులో ‘పరిరక్షణ’ ఉంది, ‘వేదిక’ కూడా ఉంది. చదువుకున్నవాళ్లకే ఆ గుమ్మం ఎత్తుగా కనిపిస్తుంది. ఇంట్లో మాట్లాడుకునే మాటేదైనా పేరుగా పెట్టుకోండి. పదకొండు నియమాలను కూడా మూడుకు తగ్గించండి. ఏడోదాన్ని అసలు తీసేయండి. మీ నాయనమ్మ చెప్పింది అన్నదే ఇక్కడ ఆధారం.

ఇక కొంచెం చేదు విషయం. నేను పాత చర్చలు పైకి జరుపుకుంటూ చూశాను (కొత్త సభ్యులకు పాతవి కనిపించేలా సెట్టింగ్ పెట్టారు, అది మంచి పని, చాలామంది మరిచిపోతారు). నాలుగు నెలల కింద నర్సంపేట వైపు అబ్బాయి ఒకడు, ‘మా నానమ్మ దాహమైతే దూప అయితుంది అంటది’ అని మొదటిసారి రాశాడు. అద్భుతమైన వాక్యం. దానికి జవాబుగా ఒకరు ‘ఇది ఇప్పటికే మన జాబితాలో 212వ పదం, ముందు వెతికి తర్వాత పోస్ట్ చేయగలరు’ అన్నారు. ఇంకొకరు ‘అంటది’ కాదు ‘అంటుంది’ అని దిద్దారు. మాండలికం గ్రూపులో! ఆ అబ్బాయి పేరు మళ్లీ ఎక్కడా కనిపించలేదు.

దిద్దినవాళ్లు చెడ్డవాళ్లని నేననను. ఆర్కుట్ (అప్పటి సోషల్ మీడియా సైట్) రోజుల్లో మా కాలేజీ పాత విద్యార్థుల గుంపొకటి నేనే నడిపాను. ప్రతి కొత్తవాడికీ ‘ఈ ప్రశ్న ముందే వచ్చింది, పాత చర్చ చూడు’ అని లింకు పడేయడం నాకు గొప్పగా ఉండేది. గుంపును శుభ్రంగా ఉంచుతున్నానని లోలోపల గర్వం. 2014 సెప్టెంబరులో ఆర్కుట్ మూతపడింది కానీ మా గుంపు అంతకు రెండేళ్ల ముందే సద్దుమణిగింది. శుభ్రంగానే ఉంది, మనిషి లేడు. ఎందుకు పోయారని ఒక జూనియర్‌ని తర్వాతెప్పుడో అడిగితే, ‘అన్నా, మీరు హాల్ టికెట్ అడిగినట్టు అడిగేవారు’ అన్నాడు.

పెద్ద చోట్ల కూడా ఇదే కథ. ఇంగ్లిష్ వికీపీడియాలో క్రమం తప్పకుండా రాసేవాళ్ల సంఖ్య 2007 వరకు పెరిగి, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఎందుకని పరిశోధకులు చూసి 2013లో రాసిన కారణాల్లో ముఖ్యమైంది ఇది: మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్లు రాసిన మొదటి రాతను వెంటనే కొట్టేయడం, కరుడుగట్టిన నియమాలు. అక్కడివాళ్లు 2012లోనే కొత్తవాళ్ల కోసం ‘టీహౌస్’ అని ఒక చోటు పెట్టారు, ఎంత చిన్న అనుమానమైనా మొహమాటం లేకుండా అడగడానికి. మన తెలుగు వికీపీడియాలో అందరూ కూర్చుని మాట్లాడుకునే పేజీ పేరు రచ్చబండ. ఆ పేరు పెట్టినవాళ్లకు విషయం తెలుసని నాకనిపిస్తుంది. చాయ్ హోటల్ అయినా రచ్చబండ అయినా, వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని అడగరు.

కాబట్టి మీ ఆరుగురితో ఒక్కసారి విడిగా ఫోన్‌లో మాట్లాడండి, గ్రూపులో వద్దు. ఎవరైనా మొదటిసారి రాస్తే మొదటి జవాబులో దిద్దుబాటు ఉండకూడదు, ప్రశ్న ఉండాలి. దూప అన్న అబ్బాయికి ‘మీ నానమ్మది ఏ ఊరు? ఆకలికి ఏమంటుంది?’ అని అడిగి ఉంటే రెండో మాట వచ్చేది. జాబితాలో ఉందా లేదా అన్నది మీరు తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. కైకిలి పుట్టుక చర్చకు వేరే గది పెట్టండి, టెలిగ్రామ్‌లో అది సులువే. వాళ్లను తక్కువ చేసినట్టు కాకుండా, ‘మీ చర్చ వరదలో కొట్టుకుపోతోంది సార్, విడిగా ఉంటే దొరుకుతుంది’ అని చెప్పండి. నిజం కూడా అదే.

ఇంత ఇల్లు సర్దుకున్నాక పిలుపుల సంగతి. ప్రకటన అంటే చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టడం. అందరికీ కనిపిస్తుంది, ఎవరినీ పిలిచినట్టు కాదు. మన దగ్గర పేరంటానికి బొట్టు పెట్టి పిలుస్తాం. ఆ 3,000 రూపాయలతో నేనైతే ఫోన్ రీచార్జి చేయించుకుని వారానికి ఐదుగురిని పేరు పెట్టి పిలిచేవాణ్ణి. పిలుపులో ‘మా గ్రూపులో చేరండి’ అనే మాట ఉండదు. ‘మీ నాయిన మోట కొట్టేవాడట కదా, ఈ ఫోటోలో తోలు బొక్కెనకు కింద వేలాడే తొండం లాంటిదాన్ని ఏమంటారో ఆయన్ని అడిగి చెప్తావా?’ అని ఉంటుంది. అడిగి చెప్తాడు. చెప్పాక, ‘ఇట్లాంటివే అక్కడ మాట్లాడుకుంటున్నాం, మీ నాయిన చెప్పింది ఆయన పేరుతోనే పెట్టాను, చూడు’ అని లింకు పంపండి. అప్పుడు అతను వచ్చేది తన తండ్రి పేరు చూసుకోవడానికి. ఎవరైనా వస్తారు.

పేరు పెట్టడం చిన్న విషయం కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి పుట్టినప్పుడు గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు కవితలు పంపమన్నారు. 1934లో అచ్చయిన గోల్కొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. ఫోన్లు లేని రోజుల్లో, అన్ని ఊళ్ల నుంచి. తన పేరుతో అచ్చులో వస్తుందన్నది ఎంతమందిని కదిలించి ఉంటుందో ఊహించుకోండి. మీ వెబ్‌సైట్‌లో ప్రతి మాట కింద ‘ఈ మాట చెప్పింది ఫలానా అవ్వ, ఫలానా ఊరు’ అని పెట్టండి. ముందు ఆమెను అడిగి, ఒప్పుకుంటేనే. ఫోన్ నంబర్లు మాత్రం ఎక్కడా వద్దు.

ఎవరిని పిలవాలన్నది మీరు నాకంటే బాగా చెప్పగలరు కానీ ఒకటి రెండు చోట్లు తోస్తున్నాయి. మీ జాబితాలో చేనేత మాటలు దాదాపు లేవు. కొత్తవాడ తివాచీల మగ్గాలు మీ ఇంటికి ఎంత దూరం? నాడె, కండె, పన్నె, పడుగు, పేక అనే మాటలు పుస్తకం చూడకుండా వాడేవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. వాళ్ల చుట్టాలు భివండిలో, సూరత్‌లో, షోలాపూర్‌లో ఉంటారు. ఊరు వదిలిన మనిషికి ఊరి మాట మీద ఉండే మమకారం ఊళ్లో ఉన్నవాడికి ఉండదు. అక్కడినుంచి ఒక్కరు వస్తే వాళ్ల వీధి వస్తుంది. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడి ఏళ్లయింది, అందులో పనిచేసినవాళ్ల ఇళ్లలో మిల్లు మాటలు వేరుగా ఉంటాయి, ఇంగ్లిష్‌ని, ఉర్దూని తెలుగు నాలుక ఎట్లా తిప్పుకుందో వినొచ్చు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో హమాలీలు, కాంటా వేసేవాళ్లు మాట్లాడుకునేది ఇంకో భాష. అక్కడ మీరు సభ్యుల్ని చేర్చుకోవడానికి వెళ్లొద్దు, విని రండి.

మీకున్న ఇంకో బలం బడి. పిల్లలకు ‘ఇంట్లో ఒక వస్తువుకు నానమ్మ అనే పేరు అడిగి రా’ అని హోంవర్క్ ఇవ్వొచ్చు. పిల్లల్ని మాత్రం గ్రూపులో చేర్చొద్దు, వాళ్లు తెచ్చిన చీటీలు చాలు. తల్లిదండ్రుల మీటింగ్ నాడు ఆ చీటీలు గోడకు అంటించండి. ‘మా అత్తమ్మ మాట గోడ మీద ఉంది’ అని ఫోటో తీసుకునే తల్లుల్లో ఇద్దరు ముగ్గురైనా మీ దగ్గరకు వచ్చి ఇదెక్కడ పెడతారని అడుగుతారు. ఆ ఇద్దరు ముగ్గురు ఫేస్‌బుక్ తెచ్చిన 58 మందికి సమానం.

వాళ్లలో చాలామందికి తెలుగులో టైపు చేయడం కష్టం, మీరు అది గమనించి ఉండాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే మీ పెద్దలకు చిరాకు. వాయిస్ మెసేజ్ పంపమనండి. అవ్వ గొంతులోనే మాట వస్తుంది, ఆ పలుకు ఏ లిపిలోనూ రాదు. విని రాసుకునే పని మీ ఆరుగురిలో ఇద్దరు పంచుకుంటారు. కొత్తగా చేరిన చదువుకున్న కుర్రాళ్లకు కూడా ఇది మంచి పని, రెండు నిమిషాల ఆడియో విని నాలుగు లైన్లు రాయడం.

వెబ్‌సైట్ గురించి ఒక్క ముక్క. మాటలన్నీ 86 పేజీల స్కాన్ ఫైల్‌గా పెట్టారు. చూడ్డానికి పుస్తకంలా బాగుంది, గూగుల్‌లో వెతికేవాడికి మాత్రం కనిపించదు. టెలిగ్రామ్ చర్చ కూడా అంతే, బయటివాళ్లకు మూసిన తలుపే. బెంగళూరులో ఉన్న ఎవరికో రాత్రి పదకొండుకు ‘దూప అంటే ఏంటి’ అని అనుమానం వస్తుంది, తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతుకుతాడు. అతనికి మీ పేజీ దొరకాలంటే ఒక్కో మాటకు ఒక్కో పేజీ, అందులో మాట తెలుగు అక్షరాల్లో, జనం కొట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ఉండాలి. వస్తువు తెలిసి పేరు మరిచినవాళ్లూ వెతుకుతారు కాబట్టి ‘బావిలో పడ్డ బకెట్ తీసే కొక్కేలు’ అన్న వర్ణన కూడా రాయండి. పేజీ చివర ‘మీ ఇంట్లో దీన్నేమంటారు?’ అని అడిగి, అక్కడే రాయడానికి చిన్న పెట్టె పెట్టండి. రిజిస్ట్రేషన్, ఓటీపీ, ఈమెయిల్ ఏమీ అడగొద్దు. అన్ని పదాలూ ఒకేసారి మార్చలేకపోతే వారానికి నాలుగు మార్చండి, ఫోటో పెట్టిన మాటతో మొదలుపెట్టి. ఫలితం ఆరు నెలలకుగానీ కనిపించదు. కానీ అట్లా వచ్చినవాడు తనకు కావలసి వచ్చినవాడు, నిలబడతాడు.

మీ అబ్బాయి చెప్పిన దొంగ ఐడీల సంగతి. పిల్లవాడు ఊరికే అనలేదు, ఎక్కడో చదివి ఉంటాడు. 2005లో రెడిట్ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టిన ఇద్దరు కుర్రాళ్లు మొదట్లో రకరకాల పేర్లతో తామే పోస్టులు పెట్టి జనం ఉన్నట్టు చూపించారు, తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు కూడా. వాళ్లకు నడిచింది. అక్కడ ఎవరికి ఎవరూ తెలియదు, పంచుకునేది లింకులు. మీ దగ్గర పంచుకునేది ఇంటి మాట, ఊరి పేరు. పరకాల దగ్గర ఫలానా ఊరు అని దొంగ పేరుతో రాస్తే, ‘మాదీ అదే ఊరు, మీరు ఎవరింటివాళ్లు?’ అని గంటలో ఒకరు అడుగుతారు. ఏం చెప్తారు? పైగా మీరు పోగుచేస్తున్న మాటల మీద నమ్మకమే పోతుంది. కల్పించిన మనిషి చెప్పిన మాట కూడా కల్పనేనేమో అంటారు. వద్దు. సందడి లేదని భయమైతే మీ ఆరుగురూ తమ సొంత పేర్లతోనే, తమ అమ్మమ్మల మాటలతోనే, రోజుకొకరు చొప్పున ఒక పోస్టు పెట్టండి. ఆరు రోజులు గడుస్తాయి. ఏడో రోజు ఖాళీగా వదిలేయండి. ఆరో నాడు అలిగిన బతుకమ్మ అని ఆట మానేస్తాం కదా, ఆమె అలకతో పండగకు నష్టమేమీ రాలేదు.

ఐదొందల లెక్క మానేయమని నా సలహా. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది పడతారు, టెలిగ్రామ్‌లో రెండు లక్షల మంది పడతారు, చోటు ఎప్పుడూ సమస్య కాలేదు. ఒకేసారి మూడొందల మంది వస్తే వారం రోజుల్లో గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఎవరి పార్టీ గొప్పదన్న గొడవలు వస్తాయి. మీ విషయంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మాండలికం అనగానే ‘మీ భాష, మా భాష’ అని ప్రాంతాల పోరు మొదలవుతుంది. మిగిలిన మూడు నియమాల్లో ఒకటి దీనికోసం ఉంచండి, ఏ ఊరి మాటనూ వెక్కిరించకూడదని. దీన్ని మాత్రం గట్టిగా పాటించండి, ఆ ఆరుగురిలో ఒకరైనా సరే.

ఒక పాత నోటుబుక్కు తీసుకుని ప్రతి నెలాఖరున రెండే రాసుకోండి. ఈ నెల మొదటిసారి నోరు విప్పింది ఎందరు, పోయిన నెల మొదటిసారి మాట్లాడినవాళ్లలో ఈ నెల మళ్లీ మాట్లాడింది ఎందరు. రెండో అంకె మూడో నాలుగో ఉంటే మీ గ్రూపు బతుకుతుంది. మొదటిది ఎంత పెద్దదైనా రెండోది సున్నా అయితే లోపలేదో గుచ్చుకుంటోంది, వెళ్లి చూడండి. వెళ్లిపోయిన ఆ 41 మందిలో మీకు తెలిసినవాళ్లు ఇద్దరున్నా ఫోన్ చేసి ఎందుకు పోయారని అడగండి. మీరు నొచ్చుకుంటారని నిజం చెప్పరు, కాబట్టి ‘నేను ఏం మార్చాలి?’ అని అడగండి.

సెప్టెంబరు 9 తేదీ ఎంచుకోవడం బాగుంది. మీ వరంగల్ కవి కాళోజీ 1914లో పుట్టిన రోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ వారం ఈ మాటల మీద అందరికీ ధ్యాస ఉంటుంది, పేపర్లవాళ్లకు కూడా రాయడానికి ఏదో కావాలి. కానీ హాలు, మైకు, శాలువాలు పెట్టుకోవద్దు. ఆ ఒక్క రోజు మీ 140 మందికీ ఒకే పని ఇవ్వండి, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఒక్క మాట అడిగి వాయిస్ పంపడం. ఇరవై వచ్చినా గొప్పే. వచ్చిన ఇరవైనీ వారంలోపు పేజీలుగా పెట్టి, చెప్పినవాళ్ల పిల్లలకు లింకులు పంపితే ఆ తర్వాత వచ్చే బతుకమ్మ నాటికి వాళ్ల చుట్టాల్లో కొందరు మీ గుమ్మం దగ్గర ఉంటారు. అప్పుడు రోజుకొక పువ్వు పెట్టండి. తంగేడు, గునుగు తర్వాత సీతజడకు ఎన్ని పేర్లున్నాయో నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఇంకో సంగతి, నేను మీ గ్రూపు నుంచి వెళ్లిపోలేదు. మా నాయనమ్మ ఇంట్లో పొయ్యి పైన గోడకు ఒక చెక్క గూడు ఉండేది, ఉప్పు, నిప్పుపెట్టె, నూనె గిద్దె అందులో పెట్టేది. మసితో నల్లగా ఉండేది, చేయి పెడితే వెచ్చగా తగిలేది. దానికి ఆమె ఒక పేరు అనేది. ‘గ’తో మొదలవుతుందని తప్ప ఇంకేమీ గుర్తు రావట్లేదు. ఏడో నియమం తీసేశాక అడుగుదామని ఆగాను.